పట్టాలు పోయి చాపలొచ్చాయి

అట్లాంటాలో పాత రైలుమార్గం వెంట జరిగే వ్యాయామ తరగతులకు పైసా ఇవ్వక్కర్లేదు. చిక్కల్లా దాని పక్కన కాపురముండటంతోనే

ఎండ తగ్గిన సాయంత్రాల్లో అట్లాంటాలోని హిస్టారిక్ ఫోర్త్ వార్డ్ పార్కులో చెరువు పక్క పచ్చిక మీద రంగురంగుల రబ్బరు చాపలు పరుచుకుంటాయి. ఆఫీసు నుంచి నేరుగా వచ్చి చెట్టుచాటున బూట్లు విప్పేవారు, పసిపిల్లను బండిలో పడుకోబెట్టుకుని వచ్చే తల్లులు, జీవితంలో మొదటిసారి వజ్రాసనం వేసి మోకాళ్లు పట్టుకుని మూలిగే పెద్దాయనలు అంతా ఒకే వరసలో ఉంటారు. అధోముఖ శ్వానాసనంలో వంగిన జనం మధ్య నుంచి అసలు శ్వానమే ఒకటి దూరిపోవడం, దాని యజమాని క్షమాపణలు చెప్పుకుంటూ వెంటపడటం ఇక్కడ మామూలే. శిక్షకురాలు ఎవరినీ రుసుము అడగదు. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు. నగరంలోని స్టూడియోల్లో ఇదే యోగా క్లాసుకు 20 డాలర్లు అటూఇటూ వదులుతాయి.

ఈ క్లాసులు ఆ ఒక్క పార్కుకే పరిమితం కాదు. నగరం చుట్టూ వలయంలా తయారవుతున్న అట్లాంటా బెల్ట్‌లైన్ అనే నడకదారుల గొలుసు వెంట, దాన్ని ఆనుకుని ఉన్న పార్కుల్లో నడుస్తుంటాయి. యోగాతోపాటు బూట్ క్యాంప్ ఉంటుంది. పేరు మిలిటరీదే గానీ, చేయించేది మన వ్యాయామశాలల్లోని దండీలు, బస్కీలే. డ్యాన్స్ తరహా ఏరోబిక్స్ ఉంటుంది. గుంపుగా పరుగెత్తేవారు, సైకిల్ తొక్కేవారు సరేసరి. వీటికి తోడు ప్రైవేటు రన్ క్లబ్‌లు కూడా ఉన్నాయి. వాటిలో కొన్నింటి పరుగు బీరు దుకాణం ముందు మొదలై అక్కడే ముగుస్తుంది. కరిగించిన కేలరీలు మళ్లీ ఎక్కించుకోవడానికి దూరం పోనక్కర్లేదన్నమాట.

క్లాసుల నిర్వహణ బాధ్యత అట్లాంటా బెల్ట్‌లైన్ పార్ట్‌నర్‌షిప్ అనే లాభాపేక్షలేని సంస్థది. 2005లో ఏర్పడిన ఈ సంస్థ విరాళాలు, కంపెనీల స్పాన్సర్‌షిప్‌లతో పనిచేస్తుంది. దారులు వేయడం, భూములు కొనడం వంటి భారీ పనులను 2006లో ఏర్పాటైన అట్లాంటా బెల్ట్‌లైన్ ఇన్‌కార్పొరేటెడ్ అనే మరో సంస్థ చూసుకుంటుంది. సిమెంటు ఒకరిది, చెమట మరొకరిది.

ఇంతకీ ఈ దారి మొదట దారి కాదు, రైలు పట్టా. అమెరికా అంతర్యుద్ధం తర్వాత దశాబ్దాల్లో నడిబొడ్డున రైళ్ల రద్దీ తప్పించడానికి నగరం చుట్టూ నాలుగు వేర్వేరు రైలుమార్గాలు వేశారు. వాటి పక్కన కర్మాగారాలు, గోదాములు లేచాయి. తర్వాత సరుకు లారీలెక్కింది. పట్టాల మీద కుడ్జు అనే తీగ అల్లుకుపోయింది. జపాన్ నుంచి వచ్చిన ఆ తీగ అమెరికా దక్షిణాదిని మన గుర్రపుడెక్క చెరువులను కమ్మేసినట్టే కమ్మేసింది.

ఆ తీగల కింద ఏముందో 1999లో ర్యాన్ గ్రావెల్ అనే జార్జియా టెక్ విద్యార్థి తన మాస్టర్స్ సిద్ధాంత వ్యాసంలో చూపించాడు. ఆర్కిటెక్చర్, నగర ప్రణాళిక రెండూ చదువుతున్న అతను కొంతకాలం ప్యారిస్‌లో ఉండి వచ్చాడు. కారు లేకుండా బతకవచ్చని అక్కడ తెలిసిందట. నాలుగు ముక్కలనూ కలిపితే 22 మైళ్ల (35 కిలోమీటర్లు) వలయం అవుతుందని, 45 పేటలను తాకుతూ దాని మీద ట్రామ్ నడపవచ్చని అతని ఆలోచన. చాలా సిద్ధాంత వ్యాసాల్లాగే అదీ లైబ్రరీ అరలో బూజుపట్టి ఉండేది. గ్రావెల్, అతని సహోద్యోగులు కొన్నేళ్ల తర్వాత నాయకులకు ఉత్తరాలు రాశారు. నగర కౌన్సిల్ సభ్యురాలు క్యాథీ వూలార్డ్ దాన్ని పట్టించుకున్నారు. మేయర్ షిర్లీ ఫ్రాంక్లిన్ హయాంలో 2005లో ప్రణాళిక ఆమోదం పొందింది. చిత్రమేమంటే ఏ ట్రామ్ కోసం ఇదంతా తలపెట్టారో అది ఇంతవరకు బెల్ట్‌లైన్ మీదికి రాలేదు. 2025లో మేయర్ ఆండ్రే డికెన్స్ తూర్పువైపు ట్రామ్ పొడిగింపునకు మద్దతు ఉపసంహరించుకున్నారు. తోడుగా వేసిన నడకదారే అసలు కథానాయకుడైపోయింది.

2012 అక్టోబర్‌లో తెరిచిన ఈస్ట్‌సైడ్ ట్రైల్ మొదటి భాగం రెండుంపావు మైళ్లు. 14 అడుగుల వెడల్పు కాంక్రీటు బాట. పీడ్‌మాంట్ పార్కు దగ్గర బయల్దేరి దక్షిణంగా నడిచేవారికి అట్లాంటా చరిత్ర కుడిఎడమల కనిపిస్తూ పోతుంది. ఒకచోట గడ్డిగట్టు మీద పెద్ద మగ్నోలియా చెట్టుంది. ఒకప్పుడక్కడ బేస్‌బాల్ మైదానం ఉండేది. మైదానం పోయింది గానీ, బంతులు చిక్కుకున్న చెట్టు మిగిలింది. ఎదురుగా 1926లో సియర్స్ కంపెనీ కట్టిన గోదాము. అది ఇప్పుడు పాన్స్ సిటీ మార్కెట్ అనే బ్రహ్మాండమైన అంగడి. అక్కడే దారి పాన్స్ డి లియాన్ అవెన్యూను వంతెన మీదుగా దాటుతుంది.

ఆ వంతెన దాటడం చిన్న విషయమేమీ కాదు. పాన్స్ అవెన్యూకు ఉత్తరాన మన్రో డ్రైవ్ అని పిలిచే వీధే దక్షిణానికి రాగానే బూలవార్డ్ అవుతుంది. బ్రయర్‌క్లిఫ్ రోడ్డు కాస్తా మోర్‌ల్యాండ్ అవెన్యూ అవుతుంది. రోడ్డు మారదు, పేరు మారుతుంది. నల్లవారు ఉండే వీధి పేరే తమ చిరునామాలోనూ ఉండటం తెల్లవారికి ఇష్టం లేని రోజుల నాటి ఏర్పాటది. మన ఊళ్లలో వీధుల పేర్లు చూసి కులం లెక్కగట్టే అలవాటున్నవారికి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు చంకలో చాప పెట్టుకుని ఆ గీతను దాటేవారిలో చాలామందికి గీత ఉన్నట్టే తెలియదు. దక్షిణాన నడిచి వెళ్లేంత దూరంలో ఆబర్న్ అవెన్యూ మీద మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు, ఆ ప్రాంగణంలో భారతదేశం బహూకరించిన గాంధీ విగ్రహం (1998) ఉన్నాయి. దండి దాకా 240 మైళ్లు నడిచిన మనిషికి నడకదారి పక్కన చోటు దొరకడం సబబే.

యోగా చాపలు పరిచే చెరువుకూ ఒక కథ ఉంది. వానొస్తే ఆ పల్లపు ప్రాంతం మురుగునీటితో మునిగేది. భూగర్భ సొరంగం తవ్వాలని నగరం అనుకుంది. సొరంగం బదులు వాననీటిని పట్టే చెరువు తవ్వితే ఖర్చు తగ్గుతుంది, పార్కూ వస్తుందని స్థానికులు పట్టుబట్టారు. వారి మాటే నెగ్గింది. 2011 నాటికి 17 ఎకరాల పార్కు, మధ్యలో రెండెకరాల చెరువు తయారయ్యాయి. చెరువులు పూడ్చి అపార్ట్‌మెంట్లు కట్టి, ఆపైన వరదొచ్చిందని వాపోయే హైదరాబాద్ నుంచి చూస్తే ఇది తలకిందుల వ్యవహారంలా తోస్తుంది.

అయితే చెరువు చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లకు ఇక్కడా కొదవలేదు. అసలు ముడి అక్కడే ఉంది.

బెల్ట్‌లైన్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? 2005లో వలయం చుట్టూ ఉన్న స్థలాలను ఒక ప్రత్యేక పన్ను మండలంగా ప్రకటించారు. అప్పటి ఆస్తి పన్ను ఎప్పటిలాగే ఖజానాకు వెళ్తుంది. ఆపైన 25 ఏళ్లపాటు భూముల విలువ పెరిగి వచ్చే అదనపు పన్ను బెల్ట్‌లైన్‌కు వెళ్తుంది. దారి వస్తే ధర పెరుగుతుంది, ధర పెరిగితే పన్ను వస్తుంది, పన్నుతో ఇంకొంత దారి వస్తుంది. కాగితం మీద ముచ్చటైన లెక్క. బడుల వాటా పన్నును ఇలా మళ్లించడం చెల్లదని 2008లో జార్జియా సుప్రీంకోర్టు తీర్పునిస్తే, అదే ఏడాది నవంబర్‌లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఆమోదం తెలిపి లెక్కను మళ్లీ నిలబెట్టారు. అంటే ఇక్కడ ఇళ్ల ధరలు పెరగడం అనుకోని దుష్ఫలితం కాదు. బండికి ఇంధనమే అది.

ఇంధనం బాగానే మండింది. 2011-15 మధ్య బెల్ట్‌లైన్‌కు అరమైలు లోపున్న ఇళ్ల విలువ నగరంలో మిగతాచోట్ల కన్నా సుమారు 18 నుంచి 27 శాతం ఎక్కువగా పెరిగిందని నగర విధానాల ఆచార్యుడు డాన్ ఇమర్‌గ్లక్ అధ్యయనం తేల్చింది. 2030లోగా 5,600 చవక ఇళ్లు కట్టిస్తామని బెల్ట్‌లైన్ మాటిచ్చింది. ఆ పని నత్తనడకన సాగుతోందని, సామాన్యుడి ఇంటి గురించి పట్టింపు చాలడం లేదని చెబుతూ 2016లో పార్ట్‌నర్‌షిప్ పాలకమండలి నుంచి ఇద్దరు వైదొలిగారు. ఒకరు నథానియెల్ స్మిత్. రెండోవారు మరెవరో కాదు, ర్యాన్ గ్రావెల్. తాను గీసిన దారి మీద ఎవరు నడుస్తారన్న ప్రశ్న వేసి బయటికొచ్చాడు.

ఆ ప్రశ్న గట్టిగా వినిపించేది పడమటి వైపు. 2017 సెప్టెంబర్‌లో తెరిచిన మూడు మైళ్ల వెస్ట్‌సైడ్ ట్రైల్ వెస్ట్ ఎండ్, అడైర్ పార్క్, వెస్ట్‌వ్యూ వంటి నల్లజాతీయుల పాత పేటల గుండా వెళ్తుంది. దీనికి ఫెడరల్ ప్రభుత్వం 1.8 కోట్ల డాలర్లిచ్చింది. తూర్పున ఉన్నంత సందడి ఇక్కడ లేదు. వరండాల్లో కుర్చీలు, పాత ఓక్ చెట్లు, గోదాముల గోడల మీద బొమ్మలు కనిపిస్తాయి. ఉచిత వ్యాయామానికి అసలు అర్థం ఉన్నది ఇలాంటి చోటే. రక్తపోటు, మధుమేహం అమెరికా నల్లజాతీయుల్లో తెల్లవారి కన్నా ఎక్కువ. జిమ్ సభ్యత్వం అందరికీ అందేది కాదు. గార్డన్ వైట్ పార్కు వంటి చోట్ల ఇంటి నుంచి నడిచివచ్చి గంటసేపు చెమటోడ్చి వెళ్లగలగడం డాక్టరు చీటీ కన్నా చవక. పైగా గంట కసరత్తులో పక్కింటివారితో మాట కలుస్తుంది. పదిమంది చేరిన దారి మీద పదకొండో మనిషికి భయం ఉండదు. ఇవన్నీ ఉచిత క్లాసు చేసే పనులు. దాని చేతిలో లేనిదల్లా ఇంటి అద్దె. ఆరోగ్యం కుదుటపడేసరికి పేట మారాల్సి వస్తే ఆ క్లాసు మిగిలేది కొత్తగా దిగినవారికే. వారిలో చాలామందికి 20 డాలర్ల స్టూడియో ఎలాగూ అందుబాటులో ఉన్నదే.

ఇదే మహానగరంలో తెలుగువారి సంగతి వేరు. వారి కాపురాలు ఎక్కువగా ఉత్తర శివార్లలో, ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, కమ్మింగ్ వైపు. బెల్ట్‌లైన్‌కు అవి సుమారు 40 కిలోమీటర్లు, అంతకన్నా పైమాట. అక్కడికి మార్టా రైలు వెళ్లదు. వాళ్లకూ బిగ్ క్రీక్ గ్రీన్‌వే వంటి చక్కని నడకదారులున్నాయి. కాకపోతే వాటిని చేరుకోవడానికీ చాలామందికి కారు కావాలి. కొడుకునో కూతురినో చూడ్డానికి ఆరు నెలలకు వెళ్లిన అమ్మానాన్నలకు కారు నడపడం రాదు. పిల్లలు ఆఫీసుకు వెళ్లాక కాలనీలోనే చుట్టూ తిరుగుతూ, ఎదురుపడ్డ ఇంకో తెలుగు జంటతో ఏ ఊరని ఆరా తీయడమే వారి వ్యాయామం. మధుమేహం ముప్పు దక్షిణాసియావాసులకూ ఎక్కువే కాబట్టి, వీధి చివర చాప పరిచే ఏర్పాటు వారికీ అవసరమే.

మన దగ్గర ఇలాంటివి లేవని కాదు. గుర్గావ్‌లో 2013 నవంబర్‌లో మొదలైన రాహ్‌గిరి ఆదివారాలు వాహనాలను ఆపి రోడ్డు మీద జనంతో ఏరోబిక్స్ చేయించాయి. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి సాగుతున్న సిక్లోవియా దానికి స్ఫూర్తి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ బాట సౌరఫలకాల కప్పుతో వచ్చింది. విశాఖలో 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మంది యోగా చేసి రికార్డు కొట్టారు. రికార్డుకు ఒక్క ఉదయం చాలు. అట్లాంటా క్లాసులకు గిన్నిస్‌తో పనిలేదు, మంగళవారం వచ్చినవారు వచ్చే మంగళవారమూ వస్తే చాలు. ఆ మాటకొస్తే బీచ్ రోడ్డులో రోజూ పొద్దున వాహనాలు ఆపితే నడిచే విశాఖవాసులు ఏ సంస్థా లేకుండానే ఆ పని చేస్తున్నారు.

అట్లాంటాలో దిద్దుబాట్లూ కొన్ని జరిగాయి. వెస్ట్‌సైడ్‌లో పాత బెల్‌వుడ్ రాతి క్వారీ చుట్టూ 280 ఎకరాల పార్కు వస్తోందనగానే బిల్డర్లు ఎగబడటంతో 2020 ఫిబ్రవరిలో అప్పటి మేయర్ కీషా లాన్స్ బాటమ్స్ ఆ చుట్టుపక్కల కొత్త నిర్మాణ అనుమతులను ఆరు నెలలు ఆపారు. పార్కు 2021లో తెరుచుకుంది. తర్వాత దానికి షిర్లీ ఫ్రాంక్లిన్ పేరు పెట్టారు. వ్యాయామ క్లాసులు నడిపే పార్ట్‌నర్‌షిప్పే ఇప్పుడు ఇంకో పథకాన్నీ నడుపుతోంది. దక్షిణ, పశ్చిమ పేటల్లో ఎప్పటి నుంచో సొంతింట్లో ఉంటూ ఆదాయం అంతంతమాత్రంగా ఉన్నవారికి పెరిగిన ఆస్తి పన్ను మేరకు తానే చెల్లిస్తుంది. అద్దెకున్నవారికి ఇది వర్తించదు. ఈ సాయం 2030 పన్ను సంవత్సరం దాకా అందుతుంది. 22 మైళ్ల వలయాన్ని పూర్తి చేస్తామని చెబుతున్నదీ ఆ ఏడాదికే.