ద్రాక్షతోటల నడుమ ఒక దినము

అమెరికాలో ఉన్న బిడ్డల యొద్దకు వెళ్లే మన తెలుగు తల్లిదండ్రులు అనేకులు నయాగరా జలపాతాన్ని చూచి వస్తుంటారు. అయితే అక్కడికి దగ్గరలోనే ఉన్న ఒక ద్రాక్షసీమను గూర్చి మనవారికి అంతగా తెలియదు. ప్రభువు బల్ల యొద్ద మనం అందుకునే పాత్రకు, ఆ సీమకు దగ్గర సంబంధం ఉంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో పట్టణం నుండి ఈరీ సరస్సు ఒడ్డునే నైరుతి దిక్కుగా సుమారు 60 మైళ్లు, అంటే దాదాపు 100 కిలోమీటర్లు వెళ్తే వెస్ట్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు వస్తుంది. ఉదయం బయలుదేరి సాయంకాలానికి తిరిగి చేరుకోవచ్చు. కోతల కాలమైన అక్టోబరు నెల ఇందుకు మంచి సమయం. కారు అద్దం దించితే చాలు, పండిన ద్రాక్షల వాసన లోపలికి వస్తుంది.

కుడివైపున సరస్సు, ఎడమవైపున కొండ వరుస, ఆ రెంటి మధ్య కొద్ది మైళ్ల వెడల్పు గల నేల. తీగలను మన హైదరాబాదు ప్రాంతపు తోటలలో వలె పందిళ్లకు ఎక్కించరు. గుంజలు పాతి, తంతులు లాగి, వరుసలుగా పాకిస్తారు. శీతాకాలంలో ఇక్కడ మంచు దట్టంగా కురుస్తుంది. అయినా తీగలు బ్రతుకుతాయి. కారణమేమనగా, వసంతకాలంలో సరస్సు నీరు చల్లగా ఉండి చిగుళ్లను త్వరపడనివ్వదు. అందువలన ఆలస్యంగా పడే మంచుకు లేతచిగురు బలికాదు. శరత్కాలంలో అదే నీరు వేసవి వేడిని దాచుకొని, కాయ పండేవరకు మంచును దూరంగా ఉంచుతుంది. సృష్టికర్త చేసిన ఈ ఏర్పాటును చూచినప్పుడు ఏ రైతుకైనా స్తోత్రం చెప్పాలనిపిస్తుంది.

ఇక్కడ ఎక్కువగా పండేది కాంకర్డ్ అనే నల్లద్రాక్ష. మాసచూసెట్స్ రాష్ట్రంలో ఎఫ్రాయిం బుల్ అనే ఆయన చలికి తట్టుకునే ఈ రకాన్ని 1849లో కనుగొన్నాడు. పండును వ్రేళ్లతో నొక్కితే తోలు ఊడి, గుజ్జు బయటికి జారుతుంది.

ఇదే ద్రాక్షసీమలో దారి పొడవునా ద్రాక్షసారా తయారుచేసే అంగళ్లు కూడా ఉన్నాయి. రుచి చూడమని ప్రయాణికులకు గ్లాసు అందిస్తారు. ఒకే నేల, ఒకే తీగ. అయితే పండిన పంట రెండు దారులు పట్టింది. రెండవ దారి వేసినవాడు థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు.

ఆయన న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్‌లో మెథడిస్టు విశ్వాసి. త్రాగుడును విసర్జించాలని బోధించే సంఘము, బల్ల యొద్ద మాత్రం మత్తు గల రసాన్ని ఎట్లు అందించగలదు అన్నది ఆయన ప్రశ్న. ద్రాక్షపండ్ల మీద సహజంగానే ఉండే సూక్ష్మజీవులు రసాన్ని పులియబెడతాయి. తగినంత వేడి చేస్తే అవి చనిపోతాయని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాశ్చర్ అప్పటికే చూపియున్నాడు. 1869లో వెల్చ్ రసాన్ని వడగట్టి, సీసాలలో పోసి, మూతలు బిగించి, మరుగు నీటిలో ఉంచాడు. రసం పులియలేదు. మొదట్లో దానిని కొన్నవారు కొద్దిమందే. ఆయన కుమారుడు చార్లెస్ ఆ పనిని కొనసాగించి, 1897లో వెస్ట్‌ఫీల్డ్‌కు తరలించాడు. 1956 నాటికి ద్రాక్ష రైతుల సహకార సంఘమే ఆ కంపెనీకి యజమాని అయింది.

బఫెలో నుండి వచ్చే దారిలోనే ఫ్రెడోనియా అనే ఊరు ఉంది. 1873 డిసెంబరులో ఆ ఊరి స్త్రీలు ప్రార్థన చేసికొని, సారా అంగళ్లకు వెళ్లి, అమ్మకం మానమని వేడుకొన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచిన సంగతి మనకు తెలిసినదే. దేశాలు వేరైనా తల్లుల కన్నీరు ఒక్కటే.

మన గ్రామాలలో ఎండుద్రాక్షలు నానబెట్టి, కాచి, రసం తీసి బల్లకు సిద్ధపరచే సంఘాలున్నాయి. ఆ పనిని చిన్నదిగా ఎంచవద్దు. పులిసిన రసం వాడే సంఘాలను విమర్శించడానికి ఈ మాట వ్రాయడం లేదు. అయితే నిన్నటివరకు సారాకు బానిసగా ఉండి, ఇప్పుడు భార్యాబిడ్డలతో కలిసి మందిరానికి వస్తున్న సహోదరుడు మన మధ్య కూర్చుని ఉంటాడు. ఒక్క గుక్క వాసన కూడా అతనిని పాత మార్గానికి పిలువవచ్చు. సహోదరునికి అడ్డము కలిగించేదానిని మానుకొనుట మంచిదని రోమా 14వ అధ్యాయంలో పౌలు హెచ్చరించాడు గదా!

బల్ల సిద్ధపరచే పెద్దలారా, అమ్మలారా, పాత్రలో రసం పోయునప్పుడు ఆ సహోదరుని పేరు తలంచి ప్రార్థించండి. అతడు ఆ పాత్రను భయం లేకుండా అందుకోవాలి.