పాక్యాంగు కొండమీది విమానాశ్రయము

2019వ సంవత్సరపు దసరా సెలవులలో మేము సిక్కిము చూడబోయితిమి. న్యూ జల్పాయిగురిలో రైలు దిగి మోటారుమీద గాంగ్‌టాకు చేరుటకు సుమారు ఐదు గంటలు పట్టినది. దారిలో చాలదూరము తీస్తానది మా వెంటనే వచ్చినది. ఒకప్రక్క నది, రెండవప్రక్క ఎప్పుడు విరిగిపడునో తెలియని కొండచరియ. వానలకు ఈ దారి మూతపడినప్పుడు రోగులును, నెలలు నిండిన స్త్రీలును పడు యిక్కట్లు మన సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. కావున అచ్చట విమానము భోగము గాదు, అవసరము.

ఆ యవసరము దీర్చుటకే పాక్యాంగున విమానాశ్రయము కట్టిరి. గాంగ్‌టాకునుండి సుమారు 30 కిలోమీటర్లు పోయి దానిని జూచితిమి. సముద్రమట్టమునకు సుమారు 4,500 అడుగుల యెత్తున కొండను దొలిచి, పల్లమును బూడ్చి, 1,700 మీటర్ల పొడవును 30 మీటర్ల వెడల్పును గల బాట వేసినారు. పూడ్చిన మన్ను జారకుండ నిలిపిన గోడ యొక్కచోట 70 మీటర్లకు మించిన యెత్తు గలది. క్రిందినుండి తలయెత్తి చూచి, కట్టినవారి నేర్పునకు మనసులోనే నమస్కరించితిమి.

కాని పైని విమానము మాత్రము లేదు! 2009లో శంకుస్థాపన జరిగెను. నష్టపరిహారమును గూర్చి గ్రామస్థులు తగవుపడగా పని పలుమారులు నిలిచెను. 600 కోట్ల రూపాయలకు మించి వ్యయమైన పిదప 2018 సెప్టెంబరు 24వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను. అక్టోబరు 4న ప్రయాణికుల విమానములు మొదలైనవి. 2019 జూనులో నిలిచిపోయినవి. కారణమేమన, ఆ కొండలకు మబ్బు నిత్యబంధువు. మబ్బులోనుండి విమానమును దింపు యంత్రసాధన మచ్చట నమర్పలేదు. విమానము నడపువాడు కంటితో బాటను జూచియే దిగవలెను. మబ్బు క్రమ్మిననాడు వచ్చిన విమానము వచ్చినట్లే మరలిపోవలసినది.

క్రింది గ్రామమున నొక గృహిణి మమ్ము పిలిచి తేనీరిచ్చినది. ఆమె యింటి గోడలో నొక బీట మూలనుండి గడపవరకు సాగియున్నది. కొండను దొలుచునాడు పడినదని చెప్పి, “దీదీ, విమానము వచ్చునని మా మడి యిచ్చితిమి. ఇప్పుడు మడియు లేదు, విమానమును లేదు” అని నవ్వినది. ఆ నవ్వునకు మాకు బదులు తోచలేదు.

పిమ్మట 2021 జనవరిలో విమానములు మరల వచ్చినవి, మరల నిలిచినవి. 2023 అక్టోబరు 4వ తేదీన ఎగువ మంచుసరస్సు తెగి తీస్తా పొంగి, వంతెనలను, దారులను గొట్టుకొనిపోయినదని చదివినప్పుడు ఆ తల్లియే మాకు జ్ఞప్తికి వచ్చినది.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలన్నారు. ఇల్లు కట్టబోవునప్పుడు గాలి యేవైపునుండి వీచును, వాననీరెటు పారును, ప్రక్కయింటి గోడకు చేటు గలుగునా యని మనము ముందుగ విచారింతుము. మబ్బు ఆ కొండకు క్రొత్తగ వచ్చిన చుట్టము గాదు; గ్రామస్థులును క్రొత్తవారు గారు. గోడ కట్టుటయందు జూపిన శ్రద్ధలో కొంతయైనను ఈ రెంటియెడల మొదటనే చూపియుండిన యెడల, ఆమె యిచ్చిన మడి వ్యర్థము గాకుండెడిది.