అమ్మ సంతకం చేసిన కాగితం



నేను మీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే టీచర్ని. ఈ పేజీలో స్పెల్లింగుల గురించో, రీడింగ్ అలవాటు గురించో రాయాలి. కానీ పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం పెట్టి, లేవబోతూ ఆగారు. "మేడమ్, ఇంట్లోనే టిఫిన్లు చేసి అమ్ముదామనుకుంటున్నా. ఏవో లైసెన్సులు కావాలంటగా, మీకేమైనా తెలుసా?" అన్నారు. వెనక లైనులో ఉన్న ఇంకో ఇద్దరు కూడా ముందుకు వంగారు. అప్పుడు టైము లేక చెప్పలేకపోయినది ఇప్పుడు చెబుతున్నాను.

2022లో నాన్న పనిచేసే బట్టల షాపు మూతపడింది. నేను బీఈడీ అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరాను. గుంటూరులో మా అద్దె ఇంటి ముందుగదిలో కర్రీ పాయింట్ పెడతానంది అమ్మ. దరఖాస్తు పని నాది. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఫోస్కాస్ పోర్టల్‌లో అమ్మ ఫోటో, ఆధార్, ఇంటి చిరునామా కాగితం పెట్టాను. అప్పటి లెక్కలో ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపైతే పెద్ద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. (మీరు చేసేటప్పుడు తాజా పరిమితి ఎంతో పోర్టల్‌లో చూసుకోండి.) కొన్నాళ్ళకు 14 అంకెల నంబరుతో సర్టిఫికెట్ వచ్చింది. లామినేషన్ చేయించి గోడకు తగిలించాం. ఈ భాగం తేలికే.

తేలిక కానిది అమ్మతో. నిబంధనలన్నీ పాటిస్తామని ఒప్పుకుంటూ సంతకం చేయాలి. ఏం ఒప్పుకుంటోందో తెలియాలి కదా అని 2011 నిబంధనల్లోని నాలుగో షెడ్యూల్ తెలుగులో చెబుతూ కూర్చున్నాను. గోళ్ళు కత్తిరించుకోవాలి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చెయ్యి తెగితే కట్టు కట్టుకోవాలి. అంటురోగం ఉన్నవాళ్ళు వంట ముట్టకూడదు.

అమ్మకు కోపం వచ్చింది. "ముప్పై ఏళ్ళుగా వండుతున్నా. చేతులు కడుక్కోమని ఎవరో కాగితం మీద రాసి చెప్పాలా నాకు?"

అన్నం దగ్గర ఇంకో గొడవ. మధ్యాహ్నం మిగిలిన అన్నంతో సాయంత్రం నిమ్మకాయ పులిహోర కలిపి అమ్మాలన్నది అమ్మ లెక్క. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుందని, దాని బీజాలు అన్నం ఉడికినా చావవని చెప్పాను. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచితే అవి పెరిగి విషం వదులుతాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే వండినవి 60 డిగ్రీల పైన వేడిగానైనా, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉంచమంటారు. "చద్దన్నం తిని పెరిగినదాన్ని నేను" అంది అమ్మ. దానికి నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చూస్తే పెద్ద గిన్నె అటక మీదికి పోయింది, చిన్న గిన్నెతో రెండుసార్లు వండుతోంది. గ్యాస్ ఖర్చు పెరిగిందని మాత్రం రోజూ వినిపించేది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఆ డిసెంబరులో ఒక ఆదివారం పుట్టినరోజు ఫంక్షన్‌కు 35 బాక్సుల ఆర్డరు వచ్చింది. అడ్వాన్సు 3,000. దాన్ని అప్పుడే ఎగ్జాస్ట్ ఫ్యానుకు పెట్టేశాం. శనివారం రాత్రి అమ్మకు మోషన్స్ పట్టుకున్నాయి. తెల్లవారేసరికి మాత్ర, ఓఆర్ఎస్‌తో కాస్త నిలబడింది.

"తగ్గింది కదమ్మా. చేతులు బాగా కడుక్కో, గరిటె నేను తిప్పుతాను" అన్నాను. అవును, నేనే అన్నాను. క్లాసులో హ్యాండ్ వాష్ పోస్టర్ అంటించింది కూడా నేనే.

అమ్మ మంచం మీంచి లేవలేదు. "నువ్వే చదివి వినిపించావుగా. ఆ సంతకం నాది. తినేది పిల్లలు" అంది. ఫోను తీసుకుని ఆర్డరిచ్చినావిడకు తనే చేసింది. అవతల గొంతు నాక్కూడా వినిపించింది. ఫంక్షన్ రోజు పొద్దున చెబితే ఎలా అని. ఆవిడ మాటా న్యాయమే. నేను నాలుగు హోటళ్ళకు ఫోను చేస్తే ఒకచోట వెజ్ బిర్యానీ దొరికింది. అడ్వాన్సు నా జీతంలోంచి వెనక్కి ఇచ్చాం. ఆవిడ మళ్ళీ ఆర్డరివ్వలేదు.

ఆ రోజు వండినా ఎవరికీ తెలిసేది కాదు. మా ముందుగదికి అప్పటిదాకా ఏ అధికారీ తనిఖీకి రాలేదు. మోషన్స్ ఆగాక కూడా రెండు రోజులు వంట జోలికి వెళ్ళొద్దని మా వీధి డాక్టరు చెప్పారు. ఆ రెండు రోజులూ షట్టరు దించే ఉంది. నాన్న లెక్కల పుస్తకం తీసి చూసి, ఏమీ అనకుండా మూసేశారు.

ఇప్పుడు అడ్వాన్సు డబ్బు ఆర్డరు అందేదాకా పోపుల డబ్బాలోనే ఉంటుంది. అమ్మకు బాగోకపోతే వండటానికి పక్కవీధి పిన్నిని మాట్లాడి పెట్టుకున్నాం. ఆవిడకూ టైఫాయిడ్ టీకా వేయించింది అమ్మే, దగ్గరుండి మరీ.

ఆ రోజు అడిగిన తల్లిగారూ, వచ్చే మీటింగ్‌కు ఆధార్, ఒక ఫోటో, కరెంటు బిల్లు తెచ్చుకోండి. మీ బాబు మార్కులు చూశాక ఇద్దరం కూర్చుని ఫారం నింపుదాం. ఆ డిక్లరేషన్ మాత్రం మొత్తం చదివి వినిపిస్తాను. మీరు సరే అన్నాకే సబ్మిట్ నొక్కుతాను.