పరదేశమున పులుపు

చదువులకై విదేశములకు వెళ్లిన పిల్లలు అచటి భోజనము చప్పగా నున్నదని జాబులు వ్రాయుటయు, తల్లులు వెంటనే కారపు పొడులు మూటగట్టి పంపుటయు వాడుక. ఇంగ్లండులోని లీడ్సు పట్టణమున చదువుకొన్న మా ముగ్గురి యనుభవము వేరు. మిరపపొడి అచట ప్రతి యంగడిలోను దొరకును. మాకు కరవైనది పులుపు.

ఆ దేశమున పులుపు లేకపోలేదు. మనము ఉప్పుకారముల సరసన కూర్చుండబెట్టు పులుపును వారు భోజనాంతమున చక్కెర ప్రక్కన కూర్చుండబెట్టిరి. పుల్లని ఆపిలుపండ్లను సైతము చక్కెరతో కాల్చియే తిందురు. వేయించిన బంగాళాదుంపలపై ఉప్పును వెనిగరును చల్లుకొనునపుడు మాత్రము వారి నాలుకయు మన నాలుకయు ఒక్కటే యనిపించును.

మాలో గుంటూరు సీమ పిల్ల యొకతె రెండు నెలలు రొట్టెయు పాలును దప్ప వేరొకటి ముట్టక చిక్కిపోయి, చదువు మాని యింటికి బోయెదనని పట్టుపట్టెను. చింతపండు తెచ్చి చారు కాచితిమి. ఆమె కోరినది గోంగూర!

లీడ్సునకు సమీపముననున్న వేక్‌ఫీల్డు ప్రాంతము రూబార్బు అను మొక్కకు ప్రసిద్ధము. దాని దుంపలను రెండేండ్లు పొలమున పెంచి, మంచు తగిలిన పిమ్మట చీకటి కొట్టములలోనికి మార్చి, క్రొవ్వొత్తుల వెలుగున కాడలు కోయుదురు. 2010లో ఐరోపా సమాఖ్య ఈ చీకటి పంట పేరునకు ప్రత్యేక రక్షణ నొసంగెను. ఎర్రని కాడ, కొరికిన పండ్లు పులియును.

మా ఇంటి యజమానురాలు పెరటిలోని ఆ మొక్కను చూపి, ఆకు ముట్టవలదని ముందే హెచ్చరించెను. గోంగూరలో మనము ఆకు తిని కాడ పారవేయుదుము. దీనిలో కాడ తిని ఆకు పారవేయవలెను. ఆకులో ఆక్సాలికామ్లము మిక్కుటము, అది విషము. 1914-18 యుద్ధకాలమున ఆకును గూడ వండుకొనవచ్చునని అచట చెప్పగా, తిన్నవారు కొందరు విషబాధకు లోనైరి. బిడ్డలను పంపు తల్లులు ఈ మాట తప్పక వ్రాయవలెను.

పులుపు ముందే పడిన పప్పు త్వరగా ఉడకదు గనుక కందిపప్పు విడిగా ఉడికించితిమి. పీచు తీసి తరిగిన కాడలు పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పుతో మగ్గనిచ్చిన కొలదినిమిషములలోనే కరగిపోయెను. రెంటిని కలిపి వెల్లుల్లి, ఇంగువలతో పోపు పెట్టితిమి. గోంగూర యని భ్రమపడుటకు వీలు లేదు; ఏదో పండువాసన తగులును. అయినను గుంటూరు పిల్ల మూడు మారులు అన్నము వడ్డించుకొనెను. యజమానురాలు రుచి చూచి, చక్కెర వేయుట మరచితిరా యని అడిగెను!

చీకటి కొట్టపు లేత ఎర్రకాడ కంటె వసంతమున ఆరుబయట పెరిగిన పచ్చకాడకు పులుపు హెచ్చు, వెల తక్కువ. పప్పునకు అదియే తగినది.