సైరన్ వెనక ఉన్నవాళ్లు

నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య హైవే మీద 108 సైరన్ వినబడితే మేము చేతిలో పని ఆపి ప్రార్థిస్తాం. ఇప్పుడు ఆ బండిలోని వాళ్లకు పని నేర్పినవాళ్లను కూడా ప్రార్థనలో తలుచుకుంటున్నాం.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. బండ్లు డబ్బిస్తే వస్తాయి. ప్రాణం నిలిపే మనిషిని మాత్రం ఎవరో ఓపికగా తయారుచేయాలి. గుండె ఆగిన పెద్దవారికి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. వినడానికి ఇంతే! బొమ్మ మీద రెండు నిమిషాలు నొక్కి చూడండి, భుజాలు పట్టేస్తాయి. అందుకే మనిషి మార్చి మనిషి నొక్కాలని నేర్పుతారు. నేర్పినవారు బండిలో ఉండరు. బతికినవారికి వాళ్ల పేరూ తెలియదు.

ఫైర్ వాళ్లదీ అంతే. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి అమరులైన సిబ్బంది జ్ఞాపకంగా ఏటా వారోత్సవాలు జరుగుతాయి. సిలిండర్ మంటపై తడి గోనెపట్టా కప్పి చూపిస్తారు. జనం తమాషా చూసినట్టు చూసి పోతారు. అది మాకు నచ్చదు. వచ్చే ఏప్రిల్‌లో మా సంఘ యువకులను ముందు నిలబెట్టి, ఆ గోనెపట్టా వాళ్ల చేతికే ఇమ్మని అడుగుతాం.