నాన్నగారి చిత్రిక మిషను

పాస్టరు ఇంటి వెనుక ఇంత పాత ఇనుము ఎందుకని మా సంఘస్థులు చాలామంది అడిగారు. "అయ్యగారికి ఆదివారం వాక్యం, సోమవారం ఇనుము" అని ఒక పెద్దాయన నవ్వారు కూడా. మందిరంలో పన్నెండు బల్లలు కాళ్లు వదులై ఊగుతున్నవి, వాటికి చెక్క చిత్రిక పట్టుకోవడానికి మిషను కావాలి అని అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు, కాని సగమే. మిగిలిన సగం మా నాన్నగారి ఎడమచేతికి సంబంధించినది గనుక, ఆయనను అడిగి ఇప్పుడు వ్రాస్తున్నాను.

నాన్నగారు వడ్రంగి. మా ఊరికి ఆరు మైళ్ల దూరంలో గోదావరి గట్టు ప్రక్కన ఒక కోతమిల్లు ఉండేది. అందులో ఆయన పదిహేడేళ్లు పని చేశారు. పూర్వం పై అడవుల నుండి దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రి వైపు దించేవారు. నాకు ఊహ తెలిసేసరికి దుంగలు లారీల మీద వస్తున్నవి. మిల్లులో ఒక ఆయిల్ ఇంజను, నెత్తిమీద పొడుగాటి షాఫ్టు, దాని పుల్లీల నుండి ఒక్కొక్క మిషనుకు దిగిన బెల్టులు. మధ్యాహ్నం నేను కేరేజీ పట్టుకొని వెళ్లి, ఆ బెల్టులు టపటప కొట్టుకోవడం చూస్తూ నిలబడేవాడిని.

నాన్నగారిది చిత్రిక మిషను. చదువరులలో దానిని చూడని వారి కొరకు చెబుతాను. రెండు ఇనుప బల్లలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య సందులో కత్తులు బిగించిన ఇరుసు గిర్రున తిరుగుతుంది. మనిషి పలకను రెండు చేతులతో నొక్కి పట్టి, ఆ సందు మీదుగా ముందుకు త్రోయాలి. చేతి చిత్రికతో గంట పట్టే పలక రెండు నిమిషాల్లో నున్నగా వస్తుంది.

1988 వేసవిలో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఆయన ఒక మంచపు కోడు కొరకు అడుగు పొడవు వేప చెక్కను త్రోస్తున్నారు. చెక్క వెనక్కి తన్నింది. ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు పోయినవి. మిల్లు యజమాని ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు. "చెయ్యి చూసుకోకపోతే మిషను ఏం చేస్తుంది?" అని కూడా అన్నాడు. ఊరంతా అదే మాట. చివరికి నాన్నగారు కూడా ఎవరడిగినా "నా అజాగ్రత్తేనండి" అనేవారు.

2021లో పాత ఇనుము కొట్టు ముందు ఆ మిషను కనబడింది. మిల్లు మూతపడి అప్పటికి అయిదేళ్లు. పేరుపలక ఊడిపోయి రెండు రంధ్రాలు మాత్రం మిగిలినవి. అయినా ఎడమకాలి బీటకు వేసిన ఇనుప పట్టీని బట్టి గుర్తుపట్టాను. చిన్నప్పుడు కేరేజీ ఆ పట్టీ ప్రక్కనే పెట్టేవాడిని. తూకం వేస్తే 540 కిలోలు. కిలో 32 రూపాయల చొప్పున 17,280 రూపాయలు ఇచ్చి, ట్రాక్టరు మీద ఇంటికి తెచ్చాను. ఎందుకు తెచ్చావని ఆ రోజు అడిగితే నా దగ్గర జవాబు లేదు. పోత ఇనుములో అంత అందమైన వంపులున్న వస్తువును పగలగొట్టి కరిగిస్తారంటే మనసొప్పలేదు, అంతే.

నాన్నగారు అరుగు మీద నుండి చూసి ఏమీ అనలేదు. పశువుల కొట్టంలో దానిని దింపాక పది దినాలు కొట్టం వైపు రాలేదు.

తుప్పు వదిలించడం ఓపిక పని. పెద్ద బల్లలను కిరసనాయిలు పోసి గీకి, నూనె రాయితో రుద్దాను. చిన్న ముక్కలకు ఇంకొక పద్ధతి ఉన్నది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, బట్టలుతికే సోడా కలిపి, తుప్పు ముక్కకు బ్యాటరీ ఛార్జరు నెగెటివ్ వైరు, ఎదుట వేలాడదీసిన పనికిరాని ఇనుప రేకుకు పాజిటివ్ వైరు తగిలించాలి. తెల్లవారేసరికి తుప్పు నల్లని మడ్డిలా ఊడి వస్తుంది. మరలు కూడా కొత్త పెళ్లికూతురి మెట్టెల్లా మెరుస్తాయి. అయితే రెండు జాగ్రత్తలు. పైకి వచ్చే బుడగలలో మండే వాయువు ఉంటుంది గనుక ఆరుబయటే చేయాలి. ఆ రేకు స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు. దాని నుండి విషం నీళ్లలోకి దిగుతుంది.

అసలు కష్టం బేరింగుల దగ్గర వచ్చింది. ఇప్పటి మిషన్లలో గోళీల బేరింగు ఉంటుంది, పాడైతే తీసి కొత్తది వేస్తారు. ఈ మిషనులో ఇరుసు రెండు కొనలూ ఒక మెత్తని తెల్ల లోహపు గాడిలో తిరుగుతాయి. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ అనే స్వర్ణకారుడు కనిపెట్టిన పద్ధతి అది. ఆ లోహంలో ఎక్కువ పాలు తగరము, కొద్దిగా అంటిమొని, రాగి. ఇరుసు కంటె మెత్తన గనుక, అరిగితే తానే అరుగుతుంది గాని ఇరుసును అరగనివ్వదు. నా మిషనులో అది పూర్తిగా అరిగి, ఇరుసు గాడిలో గలగలలాడుతున్నది.

ఆ లోహం పోయడం నాకు రాదు. ప్రక్క ఊరిలో పాత రైసు మిల్లు మేస్త్రి ఒకరు ఉన్నారు. నెమ్మదిగా తిరిగే ఆయిల్ ఇంజన్లకు పూర్వం ఈ వైట్ మెటలే పోసేవారట. ఆయనకు డెబ్బై దాటినవి. "పాస్టరుగారూ, పోయడం ఒక నిమిషం, సిద్ధం చేయడం ఒక రోజు" అని ముందే చెప్పారు. అలాగే అయింది. పాత లోహాన్ని కరిగించి తీసేశాము. ఇరుసును సరిగ్గా మధ్యకు వచ్చేలా నిలబెట్టి, లోహం అంటుకోకుండా దాని కొనలకు దీపపు మసి పట్టించాము. సందులకు మెత్తని బంకమట్టి అద్ది, దానిని బాగా ఆరనిచ్చాము. తర్వాత పోత ఇనుమును మంటతో చేయి పెట్టలేనంత వేడి చేశాము. ఎక్కడైనా ఒక్క నీటిచుక్క మిగిలితే, కరిగిన లోహం పేలి ముఖం మీదికి ఎగురుతుందట. గరిటెలో లోహం కాగిన తర్వాత మేస్త్రి ఒక ఎండు పుల్లను అందులో ముంచారు. పుల్ల గోధుమ రంగుకు మాడాలి, భగ్గుమనకూడదు. మాడింది. "ఇప్పుడు మాట్లాడవద్దు" అని, చేయి వణకకుండా ఒకే ధారగా పోశారు. మధ్యలో ఆగితే పొరలుగా గట్టిపడి పనికిరాదు.

అప్పుడు వెనుక నుండి "కుడి ప్రక్క మట్టి కారుతున్నది చూడండి" అని వినిపించింది. నాన్నగారు. ఎప్పుడు వచ్చి నిలబడ్డారో తెలియదు. ఆ రోజు నుండి గాడిని గీకే పని ఆయనే చేశారు. ఇరుసుకు నూనెలో కలిపిన మసి పూసి, గాడిలో పెట్టి తిప్పి, నల్ల మచ్చ అంటిన చోట మాత్రమే సన్నగా గీకాలి. మళ్లీ పూయాలి, మళ్లీ తిప్పాలి, గాడి అంతటా మచ్చ సమంగా పడే వరకు. మిగిలిన మూడు వేళ్లతో ఆయన నాలుగు దినాలు గీకారు. నేను గీకితే నాలుగు నిమిషాలకే చాలు అనిపించేది.

అప్పుడే ఒకటి గమనించాను. గాడిని గీకుతారు గాని, ఇరుసు నడుమ కత్తులు బిగించే దిమ్మెను మాత్రం ఆయన ముట్టుకోరు. అది నాలుగు పలకల ఉక్కు దిమ్మె. నేను దానిని వెండిలా మెరిపించి పెట్టాను. ఏ ముక్కా మార్చకుండా మిషనును తొలినాటిలా నిలబెట్టాలని నా పట్టుదల.

ఐటీఐలో కార్పెంటరు ట్రేడు చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు చూడవచ్చారు. అన్నీ మెచ్చుకొని, ఆ దిమ్మె దగ్గర ఆగారు. "దీనితో నడపాలనే?" అన్నారు. మరునాడు ఒక పాత ఇంగ్లీషు పుస్తకం తెచ్చి చూపించారు. 1922లో ఇంగ్లాండులో కొయ్యపని మిషన్లకు నిబంధనలు వచ్చినవి. మనిషి చేతితో త్రోసే చిత్రిక మిషనుకు గుండ్రని దిమ్మె తప్ప నాలుగు పలకలది పెట్టరాదని వాటిలో ఉన్నది. కారణం కూడా ఆయనే చేతులతో చూపించారు. పలకల దిమ్మె తిరిగేటప్పుడు దాని మూలలే కోస్తాయి. మూలకూ మూలకూ మధ్య లోతైన ఖాళీ. చెయ్యి జారితే వేళ్లు ఆ ఖాళీలో పడతాయి. వెనుక వచ్చే మూల వాటిని లోపలికి లాగి బల్ల అంచుకు నొక్కుతుంది. గుండ్రని దిమ్మెలో కత్తి అంచు మిల్లీమీటరో ఒకటిన్నరో బయటికి ఉంటుంది, సందు కూడా ఇరుకు. చెయ్యి జారితే గాయమవుతుంది గాని, చాలావరకు వేలు మిగులుతుంది.

1922 నుండి 1988కి అరవై ఆరేళ్లు. మన దేశంలో ఆ రోజుల్లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఉండేది. మిషన్ల ప్రమాదకరమైన భాగాలకు కాపు ఉండాలని అది చెప్పేది. అయితే ఇంజనుతో నడిచే చోట సాధారణంగా పదిమంది పనివారు ఉంటేనే వర్తించేది. మా మిల్లులో ఉన్నది ఆరుగురు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2014లో మెలకువ గురించి ప్రసంగిస్తూ, ఒక్క క్షణం ఏమరుపాటు మనిషికి ఏమి చేస్తుందో చెప్పడానికి నాన్నగారి వేళ్లను ఉదాహరణగా చెప్పాను. ఆయన మూడవ వరుసలో కూర్చున్నారు. అందరూ తిరిగి చూశారు. ఆయన చిన్నగా నవ్వి, ఎడమచేతిని తువ్వాలు క్రింద పెట్టుకున్నారు. ఆ ప్రసంగం బాగున్నదని నలుగురు మెచ్చుకుంటే సంతోషించాను కూడా.

ఉదయం అరుగు మీద ఆయన ప్రక్కన కూర్చుని మాస్టారు చూపించినదంతా చెప్పాను.

"పొట్టి చెక్క త్రోసింది నేనే కదరా అబ్బాయి" అన్నారు.

"పొట్టి చెక్క త్రోసినా వేళ్లు పోకూడదనే అక్కడ ఆ దిమ్మె మార్చారు నాన్నగారూ."

చాలాసేపు వీధి వైపు చూశారు. "ఎప్పుడన్నావు?"

"1922."

"నేను పుట్టకముందు ఇరవై ఆరేళ్లు" అని లెక్క కట్టారు. తర్వాత గొంతు తగ్గించి, "ఇది మీ అమ్మతో చెప్పు. ఆ ఉదయం మేమిద్దరం పోట్లాడుకున్నాం. కూడు తినకుండా వెళ్లాను. అందుకే నా మనసు పని మీద లేదని ఆమె ఈనాటికీ అనుకుంటున్నది. నేను ఎన్నిసార్లు కాదన్నా నమ్మదు" అన్నారు.

ముప్పై మూడేళ్లుగా ఆ ఇంట్లో ఉండి నాకు తెలియని సంగతి అది.

అమ్మ చేటలో బియ్యం చెరుగుతున్నది. చెప్పడం ముగించేవరకు చెరుగుతూనే ఉన్నది. చేట ప్రక్కన పెట్టి, "ఏదీ, చూపించు" అని లేచింది. కొట్టంలో ఆ దిమ్మె మూల మీద వ్రేలు పెట్టి, మరుక్షణం తీసేసింది. "ఇది ఇంట్లో ఉండవద్దు నాన్నా" అన్నది. పాత మిషనుకు తొలి ముక్క ఉంటేనే విలువ, దాచిపెట్టుకోండి అని మాస్టారు సలహా ఇచ్చారు. మాస్టారి మాట నిజమే. నేను మాత్రం అమ్మ మాట విన్నాను. దిమ్మె ఇరవై రెండు కిలోలు తూగింది. కిలో 28 రూపాయల చొప్పున కొట్టువాడు ఇచ్చిన 616 రూపాయలు అమ్మ చేతిలో పెట్టాను. ఏమి చేసిందో నేను అడగలేదు.

ఇటువంటి మిషన్లకు పేరుపడిన పంజాబులోని బటాలా నుండి గుండ్రని దిమ్మె తెప్పించాము. దాని కొనలను మా గాడులకు సరిపోయేలా లేతు మీద 1¼ అంగుళాలకు తిప్పించాము. బల్లల అంచులకు ఉక్కు పట్టీలు మరలతో బిగించి సందు తగ్గించాము. పైన రేకు కాపు పెట్టాము. పొట్టి చెక్కలను త్రోయడానికి నాన్నగారు తుమ్మ కొయ్యతో పిడి ఉన్న దిమ్మ ఒకటి చేశారు. మోటారు నిమిషానికి 1440 చుట్లు. దానికి పది అంగుళాల పుల్లీ, ఇరుసుకు నాలుగు అంగుళాల పుల్లీ. కనుక కత్తులు 3600 చుట్లు తిరుగుతాయి.

మొదటి పలక త్రోసే ముందు వచ్చిన ఆదివారం, ప్రకటనల సమయంలో, 2014లో నేను చెప్పిన ఉదాహరణ తప్పు అని సంఘం ముందు చెప్పాను. ఎందుకు తప్పో కూడా చెప్పాను. ఇంటికి వచ్చాక నాన్నగారు కోప్పడ్డారు. "మందిరంలో నా వేళ్ల గోల ఏమిటిరా, రెండుసార్లు!" అన్నారు.

మరునాడు సాయంకాలం మిషను వేశాము. వేప పలక. నేనే త్రోశాను, ఆయన ప్రక్కన నిలబడ్డారు. చెక్కపొట్టు ఉల్లిపొరల్లా ఎగిరింది. రెండవ పలక ఆయన అడగకుండానే నా చేతిలో నుండి తీసుకొని నిదానంగా త్రోశారు. మిషను ఆపి, మూడు వేళ్లున్న చేతిని ఎడమ బేరింగు మూత మీద ఆనించి చూశారు.

"వేడెక్కుతున్నది. నూనె ఇంకో రెండు చుక్కలు పొయ్యి" అన్నారు.