సైలెంట్ వ్యాలీకి వెళ్లే ముందు



సంక్రాంతి సెలవులు దగ్గరపడితే సంఘాలలో యౌవనస్థుల యాత్రల మాట మొదలవుతుంది. ఈసారి మా యౌవనస్థులు కేరళలోని సైలెంట్ వ్యాలీ జాతీయ వనము పేరు చెప్పారు. "అక్కడ సముద్రము లేదు, కోట లేదు. చెట్లు చూడడానికి అంత దూరమా అయ్యగారూ?" అని ఒక సంఘ పెద్ద అడిగారు. కుటుంబాలు కూడబెట్టిన డబ్బుతో వెళ్లే ప్రయాణము గనుక ఆ ప్రశ్న న్యాయమైనదే.

పాలక్కాడు జిల్లాలో, నీలగిరుల అంచున 89.52 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యమది. అక్కడ కురిసే భారీ వర్షాన్ని దట్టమైన ఆకులు ముందు ఆపుతాయి. నేలమీది ఆకుల మెత్త దానిని పీల్చుకొని కొద్దికొద్దిగా వదులుతుంది. అందుకే కుంతిపుళ నది వేసవిలోనూ పారుతుంది. ఇలకోళ్ల రొద వినబడనందున తెల్లవారు ఈ లోయకు ఆ పేరు పెట్టారని చెబుతారు.

1970లలో ఆ నదికి అడ్డంగా జలవిద్యుత్ ఆనకట్ట కట్టాలని ప్రయత్నించారు. కరెంటు అవసరము నిజమైనదే. అయినా ఒకసారి మునిగిన ఆ అడవిని మరల మొలిపించగలవారు ఎవరు? కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్, కవయిత్రి సుగతకుమారి, ఎందరో ఉపాధ్యాయులు, శాస్త్రజ్ఞులు వద్దని పోరాడారు. చివరకు 1983లో ఆ పథకాన్ని విడిచిపెట్టారు. 1984లో అది జాతీయ వనమైంది. కాబట్టి మనము చూడబోయేది వట్టి చెట్లు కావు, ఒక తరము లాభాన్ని వదులుకొని కాపాడిన సృష్టి. తోటను కాయుమని ఆదాముకు దేవుడు అప్పగించిన పని ఎలాంటిదో మన పిల్లలు అక్కడ కళ్లారా చూస్తారు.

ఇక ఏర్పాట్ల సంగతి. సికింద్రాబాదు నుండి గుంటూరు, తిరుపతి మీదుగా తిరువనంతపురము వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ పాలక్కాడులో ఆగుతుంది. అక్కడి నుండి మన్నార్కాడు మీదుగా రోడ్డు దారిన ముక్కాలి చేరాలి. ముక్కాలి నుండి సైరంధ్రి వరకు 23 కిలోమీటర్లు అడవి దారి. సొంత బండ్లను అనుమతించరు. అటవీశాఖ ఏర్పాటు చేసే జీపులో, మార్గదర్శితో వెళ్లాలి. స్థలాలు పరిమితము గనుక ముందే బుక్ చేసుకోవాలి, ఉదయమే చేరుకోవాలి. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు అనుకూలము. వర్షాకాలములో జలగల బాధ ఎక్కువ. గొడుగు, కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు తీసుకొని వెళ్లండి.

తీసుకొనివెళ్లేవాటికంటే విడిచివెళ్లవలసినవే ముఖ్యము. ప్లాస్టిక్ సంచులు, స్పీకరు, డ్రమ్ము ఇంటివద్దే ఉండనివ్వండి. పశ్చిమ కనుమలలో తప్ప లోకములో మరెక్కడా సహజముగా కనబడని సింహపు తోక కోతులు అక్కడ చెట్ల కొమ్మలమీదనే బ్రతుకుతాయి. మన కేకలు వినగానే అవి తప్పుకుంటాయి. పులి కనబడుతుందని పిల్లలకు మాట ఇవ్వకండి. ఏ జంతువూ కనబడకపోవచ్చును. అలా జరిగినా సంతోషముగా తిరిగి రాగలిగేలా వారిని సిద్ధపరచండి.

బయలుదేరడానికి వారము ముందు నుండి ప్రతి సాయంకాలము అరగంట టి.వి., ఫోను ఆపి, ఇంటిల్లిపాది మౌనముగా కూర్చోవడం అలవాటు చేసుకోండి. మొదట కష్టముగానే ఉంటుంది. గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను కనబడని దేవుడు ఏలీయాతో మెల్లని స్వరముతో మాట్లాడాడు. ఎప్పుడూ రొదకు అలవాటుపడిన చెవులకు ఆ స్వరము ఎలా వినబడుతుంది?

చివరిగా ఒక మాట. పేర్ల పట్టీ వ్రాసేటప్పుడు, డబ్బు కట్టలేని పిల్లల పేర్లు ముందు వ్రాయండి. వారి ఖర్చు సంఘము భరించిన తరువాతే మిగిలినవారి టిక్కెట్లు కొనండి. సృష్టిని చూసి దేవుని స్తుతించే భాగ్యము కలిగినవారికి మాత్రమే కాదు, అందరికీ చెందినది.

ప్రభువు మీ రాకపోకలయందు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.